లోపలి మేనమామ

బాయిలోకి కొత్తగా దిగే కూలీకి నర్సింగం కాక మొట్టమొదట నేర్పే పాఠం ఒకటుండేది. దీపం పట్టుకోవడం గురించి కాదు, కప్పు కింద ఎక్కడ నిలబడాలో కూడా కాదు. "చీకట్ల ఎవడన్న పలికితె పేరు పెట్టి పిలువు. పేరు తెల్వకుంటె నోరు మూసుకో. వరస పెట్టి మాత్రం పిలువకు," అనేవాడు. బాయి అంటే బొగ్గుగని. నర్సింగం అందులో కప్పు కూలకుండా కట్టె దిమ్మెలు నిలబెట్టేవాడు. తల నెరిసిన పెద్దమనిషి, ఊరకే భయపెట్టే రకం కాదు.

ఈ పాఠం వినడానికి తేలికే, పాటించాలంటేనే ప్రాణం మీదికి వస్తుంది. మన వైపు నోరు తెరిస్తే వరసే కదా. బస్సులో పక్కన కూచున్నవాడు అన్న, కూరగాయలమ్మే మనిషి అక్క. కొట్లాటకొచ్చి చొక్కా పట్టుకున్నవాడు కూడా ముందు బావ, ఆ తర్వాతే తిట్టు. అలాంటి నాలుకను కట్టేసుకోమంటే ఎవరి వల్ల అవుతుంది?

అయినా కట్టేసుకోవాల్సిందే. ఎందుకంటే బాయి లోపల లోపలోళ్లు ఉండేవారు.

వాళ్లకు అంతకు మించి పేరు లేదు. ఒకప్పుడు రామగిరి గుట్టల గుహల్లో ఉండేవారట. అడవి పలచబడి మనుషుల అలికిడి పెరిగాక, నిజాం కాలంలో తవ్వి, నీళ్లు పడ్డాయని వదిలేసిన పాతబాయిలోకి చేరారు. మనిషి ఎదురైతే వాళ్లే పక్కకు తప్పుకునేవారు. మంత్రం తెలిసిన జాతి. పడబోయే కప్పును నోటి మాటతో ఆపగలరు, ఆగిపోయే ఊపిరిని ముడివేసి నిలబెట్టగలరు. ఆకలైతే నెత్తురు తాగుతారు. అది కూడా కప్పు కూలి చిక్కుకుపోయినవాళ్లదే, ఇక పైకి రాని మనుషులదే. అలాంటి శవం దొరికినప్పుడు ఒంట్లో చుక్క నెత్తురు ఉండేది కాదు. రాయి కింద నలిగాడని పైన చెప్పుకునేవారు, మోసుకొచ్చినవాళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

లోపలోళ్లలో అన్నాచెల్లెళ్లు, మామాఅల్లుళ్లు అనే లెక్కే లేదు. పుట్టినవాడు పుట్టినట్టు, ఎవరి మూల వారిది. అందుకే ఎవరైనా వరస పెట్టి పిలిస్తే దాన్ని ఒట్టు కింద పట్టుకునేవారు. మనం అలవాటుకొద్దీ అనే మాటను వాళ్లు నిజంగా నమ్మేవారు.

ఇదంతా లింగవ్వకు తెలుసు. తెలిసే తప్పు చేసింది.

అది అరవై మూడో సంవత్సరం ఎండాకాలం. లింగవ్వ మొగుడు గట్టయ్య టబ్బుల్లో బొగ్గు నింపే పనిలో ఉండేవాడు. మొదటి షిఫ్టులో కప్పు కూలి, అతనితో పాటు మరో ఇద్దరు అవతలి వైపు చిక్కుకుపోయారు. ఇవతలి నుంచి రాళ్లు తీస్తుంటే పైనుంచి ఇంకా రాళ్లు పడుతున్నాయి. రెండో రోజుకు తవ్వేవాళ్ల మాట మారిపోయింది. నిన్న "బతికున్నరు" అన్నవాళ్లు ఇవాళ "ఎట్లున్నరో ఏమో" అంటున్నారు. లింగవ్వ రెండేళ్ల పూలమ్మను చంకనేసుకుని బాయి గేటు దగ్గర నేల మీద కూలబడి ఉంది. నర్సింగం కాక వచ్చి ఆమెను పక్కకు పిలిచాడు.

"కూలిన జాగకు పాతబాయికి నడుమ సన్నటి దారి ఉన్నది బిడ్డా. లోపలోళ్లు ఈపాటికి ఆడికి చేరుంటరు. పోయి అడుగు, దండం పెట్టి అడుగు. అయ్యా అను, దొరా అను. వరస మాత్రం పెట్టకు."

మిట్టమధ్యాహ్నం లింగవ్వ పాతబాయి దగ్గరికి వెళ్లింది. చుట్టూ సర్కారు తుమ్మలు, కూలిన గోడ, నేలలోకి ఏటవాలుగా దిగే చీకటి. "అయ్యా!" అని పిలిచింది. ఎవరూ పలకలేదు. "దొరా!" అంది. అదీ లేదు. చీకట్లో బతికేవాళ్లకు అయ్యలేమిటి, దొరలేమిటి? చంకలో పిల్ల ఆకలికి గుక్కపట్టింది. దాంతో లింగవ్వకు ఆపుకున్న దుఃఖమంతా ఒక్కసారి పొంగి, నాలుక తన దారిన తాను పోయింది.

"అన్నా! నాకు తోడబుట్టినోడు లేడే అన్నా. బతుకమ్మకు చీర పెట్టెటోడు లేడు. ఈ పిల్లకు పుట్టువెంట్రుకలు తీసెటందుకు మేనమామ లేడు. రేపు దీని పెండ్లిల గంపల కూసోబెట్టి ఎత్తుకొచ్చెటోడు లేడు. మొగడు సస్తె పుట్టింటి చీర కప్పెటోడు సుత లేడు నాకు. నువ్వే అన్నవనుకుంట. నా మొగన్ని నాకియ్యి."

లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది. పొడిగా, మాట్లాడే అలవాటు తప్పిన గొంతు.

"మల్ల అను."

"ఏమనాలె?"

"ఆ మాట."

"అన్నా," అంది లింగవ్వ.

"అన్నంటె గివన్ని చెయ్యాల్నా?"

"చెయ్యాలె."

"మరి అన్నకేమిస్తరు?"

అవతల మొగుడి ప్రాణం పోతుంటే ఈ ప్రశ్నలేమిటని లింగవ్వకు కోపం వచ్చింది. "ఏందన్నా, ఏమెరుగనట్టు అడుగుతవు? చెల్లె బిడ్డ మీద మొదటి హక్కు అన్నదేనాయె. అన్నకు కొడుకుంటె అడిగి చేసుకుంటడు. చెల్లె కాదనది. లోకమంత గిదే," అంది. చిన్నప్పటి నుంచి ఇంటింటా విన్న మాటే అది. తాను ఏం మాటిచ్చిందో కూడా ఆమెకు ఆ నిమిషంలో పట్టలేదు.

"మంచిది చెల్లె. ఇంటికి పో. బావను తోలిస్త," అంది గొంతు.

పొద్దు వాలేవేళకు గట్టయ్య పాతబాయిలోంచి నడుచుకుంటూ వచ్చాడు. ఒంటి మీద గీత కూడా లేదు. మిగతా ఇద్దరూ ఆ తర్వాత దొరికారు, తెల్లగా పాలిపోయి. గట్టయ్య జన్మలో ఒక్కసారే ఆ సంగతి చెప్పాడు. "రాయి నా ఛాతి మీదనే పడ్డది లింగవ్వా. ఎముకలిరిగిన సప్పుడు నా చెవులార ఇన్న. ఎవడో ఛాతి మీద చెయ్యి పెట్టి ఏందో సదివి, 'బావా, లే' అన్నడు. పక్కన ఆ ఇద్దరు నీళ్లు నీళ్లు అంటున్నరు. వాళ్ల కాడికి పోయి..."  ఆ ఇద్దరి ఇళ్లున్న గల్లీలోంచి అతను మళ్లీ ఎప్పుడూ నడవలేదు.

నర్సింగం కాక మాత్రం లింగవ్వ మొహం చూసి తల పట్టుకున్నాడు. "వరస పెట్టినవ్ గదా. ఇగ మంచిగ ఇను. వరసైనోళ్ల నెత్తురు వాళ్లు ముట్టరు. ముట్టిండ్రంటె ఆ వరస సచ్చినట్టె, దాని మీద ఇచ్చినయన్ని వాపస్ పోయినట్టె. గట్టయ్య పానం ఆ వరస మీదనే నిలబడ్డది. వాళ్లకు నెత్తురు వాసన మనకు మల్లెపూల వాసనంత ఎరుక, ఎవరిదేదో ఇట్టె పడ్తరు. పైలం బిడ్డా."

ఆ ఏడు బతుకమ్మకు ఇంటి వెనక బండ మీద ఎర్రచీర మడత ఉంది. చల్లగా, తడితడిగా, బొగ్గు వాసన వేస్తోంది. లింగవ్వ దాన్నే కట్టుకుంది. అన్న చీర పెడితే చెల్లెలు ఊరుకోకూడదు కదా, పుంజును కోయించి ఆ నెత్తురు మోదుగాకు దొప్పలో పట్టుకుని పాతబాయికి వెళ్లింది. చీకట్లోంచి తెల్లటి చెయ్యి ఒకటి వచ్చి దొప్ప అందుకుంది. పూలమ్మ పుట్టువెంట్రుకలు కూడా అక్కడే, ఆ గోడ నీడలోనే తీయించింది. చీకట్లో కనబడని మేనమామ చల్లటి ఒడిలో కూచున్న పిల్ల ఏడవలేదు సరికదా, కిలకిలా నవ్వింది.

అలా ఏళ్లు గడిచాయి. నిజం చెప్పాలంటే, లింగవ్వకు ఆ అన్న మీద ప్రేమే పుట్టింది. తోడబుట్టినవాళ్లున్న ఆడవాళ్లకు అన్నలు ఏం ఒరగబెడుతున్నారో ఆమె చూస్తూనే ఉంది. ఈ అన్న ఒక్క ఏడు కూడా చీర మరవలేదు. బావ దగ్గు తగ్గిందా అని అడిగేవాడు, బాయిలో ఏ మూల కప్పు మెత్తబడిందో చెప్పి బావను అటు పోనీయకు అనేవాడు. చివరికి "కోడలు పెరిగిందా?" అనేవాడు. చెల్లెలి కూతుర్ని ఎవరైనా కోడలనే అంటారు. లింగవ్వ నవ్వి, "నా అంత అయింది," అనేది.

డెబ్బై ఎనిమిదిలో పూలమ్మకు సంబంధం కుదిరింది. పిల్లవాడు కొమురయ్య, శ్రీరాంపూర్‌లో ఫిట్టరు. పిల్లను చూసి వెళ్లాక కూడా ఏదో సాకుతో రెండుసార్లు వచ్చాడు. అతను వచ్చినప్పుడల్లా పూలమ్మ చేతిలోంచి గ్లాసు జారిపడేది. పిల్ల పెళ్లి మాటంటే ముందు మేనమామ చెవిన వేయాలి, అది పద్ధతి. లింగవ్వ వేయలేదు. ఎందుకు వేయలేదో తనకు తానే చెప్పుకోలేకపోయింది. పదిహేనేళ్ల కింద తాను అన్న మాట అప్పుడప్పుడూ గొంతులో ముల్లులా గుచ్చుకునేది. ఆయనకు మాత్రం గుర్తుంటుందా అని సర్దిచెప్పుకునేది.

పూలుపండ్లు పెట్టుకుని, సంబంధం ఖాయం చేసుకుని మగపెళ్లివారు సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు. పొద్దు గూకుతోంది. గిన్నెలు తోముదామని లింగవ్వ క్వార్టరు వెనక్కి వచ్చింది. గోడ నీడలో ఆయన నిలబడి ఉన్నాడు. పదిహేనేళ్లలో చెయ్యి తప్ప మనిషిని చూడటం ఇదే మొదలు. బోర్లించిన గంప కింద మొలిచిన గడ్డిలా తెల్లగా, సన్నగా, వెలుతురుకు కళ్లు చికిలించుకుని ఉన్నాడు. చుట్టాలింటికి వస్తున్నానని కాబోలు చొక్కా వేసుకున్నాడు. పాత ఖాకీ చొక్కా, బాయి పనివాళ్లది. అది ఎవరి ఒంటి మీదిదో లింగవ్వ అడగలేదు.

"నాకు చెప్పకుంట పూలుపండ్లు చేసినవట చెల్లె," అన్నాడు. కోపం లేదు, నొచ్చుకున్నట్టుంది.

"అన్నా, అది... జల్ది జల్దిగ అయిపోయింది."

"కానియ్యి. నాకొకడు పుట్టిండు. వాన్ని కొడుకంటరని నువ్వు చెప్తేనె తెల్సింది. అడిగి చేసుకోవచ్చన్నవ్. అడగొచ్చిన."

లింగవ్వ చేతిలోని గిన్నె కింద పడింది. "వద్దన్నా. అది ఎండల తిరిగె పిల్ల."

"అలవాటైతది."

"దాన్ని తాగుతరా?"

ఆ మాటకు ఆయన మొహం ముడుచుకుపోయింది. "కోడల్ని ఎవరన్న తాగుతరా చెల్లె? మాలెక్క చేసుకుంటం. నెత్తురు మారుస్తం, పేరు తీసేస్తం. నిన్ను గూడ గుర్తు పట్టది గని, మా తీరు సల్లగ బతుకుతది."

"కాదంటె?"

"చెల్లె కాదనదని నువ్వే అన్నవ్. ఆ మాట మీదనే మావోళ్లందరిని ఒప్పించిన," అన్నాడు. బెదిరింపు కాదది. ఆమె మాటను ఆమెకే అప్పజెబుతున్నాడు. "పెండ్లినాడు గంప నేనే ఎత్తుత. నా కొడుకు కాడికి తీస్కపోత," అని గోడ నీడలో కలిసిపోయాడు.

గట్టయ్య లోపలి నుంచి అంతా విన్నాడు. గోలేటిలో తెలిసినవాళ్లున్నారు, పిల్లను తీసుకుని పోదామా అంది లింగవ్వ. అతను తల అడ్డంగా ఊపాడు. అక్కడా బొగ్గే. బొగ్గు ఎంత దూరం ఉంటే వాళ్ల దారి అంత దూరం. మొగుడూపెళ్లాలు ఆ మాట ఈ మాట అనుకుంటూ, అసలు మాట మాత్రం ఎవరూ ఎత్తకుండా నాలుగు రోజులు ఈడ్చారు. నర్సింగం కాక పోయి చాలా ఏళ్లయింది, కానీ వరస చావడం గురించి ఆయన చెప్పింది ఇద్దరికీ గుర్తుంది. చివరికి గట్టయ్యే ఎత్తాడు.

"వరస సస్తె హక్కు గూడ సస్తది గదనే."

"ఆ మాటనకు. వరస సస్తె నువ్వు..."

"నాకెరుకనే."

"నీ కోసమే ఆ మాటన్న. నీ కోసమే పిలిచిన వాన్ని," అని లింగవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. పదిహేనేళ్ల కింద బాయి గేటు దగ్గర కూడా ఇంతగా ఏడవలేదు.

"ఏడువకు. నాతోని చిక్కినోళ్లిద్దరు ఆనాడే పోయిండ్రు. నేను ఇన్నేండ్లు నీ చేతి బువ్వ తిన్న, బిడ్డను భుజం మీద తిప్పిన. వాళ్ల పిల్లలు ఎట్ల పెరిగిండ్రో నేను చూడనేలే, మొహం చెల్లక. ఇగ చాలు. పానం ఉండంగ బిడ్డను ఆ చీకట్లకు పంపి నేను ఏం తిని బతకాలె?"

పెళ్లి పిలుపు ముందుగా మేనమామకే అందాలి. ఆ పద్ధతిని అడ్డం పెట్టుకున్నారు. మర్నాడు పూలమ్మను పక్క క్వార్టరు మక్సూదా దగ్గరికి కుట్టుపనికి పంపి, గట్టయ్య తలుపు వేశాడు. లింగవ్వ మోచేతి కింద కత్తి పెట్టింది అతనే. ఆమె చేత కాలేదు. పుంజు నెత్తురు పట్టే దొప్ప ఆమె నెత్తురుతో నిండే దాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. నిండాక తన తువ్వాల చించి గట్టిగా కట్టు కట్టాడు, ముడి నొప్పి పెడుతోందా అని రెండుసార్లు అడిగాడు. గడప దాటుతుంటే, "ఉరుకుతు రాకు, పడతవ్," అన్నాడు. ఆ మాట తర్వాత ఎన్నేళ్లయినా ఆమె చెవుల్లోంచి పోలేదు.

పాతబాయి దగ్గర ఎండ ఇంకా తుమ్మల కొసల మీద ఉంది. "పెండ్లి పిలుపుకొచ్చిన," అంది లింగవ్వ, లోపలికి. దొప్పను చీకట్లోకి చాపింది. తెల్లటి చెయ్యి వచ్చి దాన్ని అందుకుంది. అందుకుని, అలాగే ఆగిపోయింది.

"పుంజు యాడిది చెల్లె?"

"అంగట్ల కొన్న."

"చేతికేమైంది?"

"కత్తిపీట తెగింది."

"పెండ్లి పనులు గదా," అంది గొంతు. తెల్లటి చెయ్యి దొప్పతో పాటు చీకట్లోకి వెళ్లింది.  "కోడలుకు ఆ ఫిట్టరు పిలగాడు నచ్చిండా?"

"పానమిడుస్తది వాని మీద."

"మల్ల అను."

"ఏమనాలె?"

"ఆ మాట."

లింగవ్వ గోడ పట్టుకుని, కళ్లు మూసుకుని, "అన్నా," అంది.

చీకట్లో గుటకల చప్పుడు వినిపించింది. నెమ్మదిగా, చివరి చుక్క దాకా. ఖాళీ దొప్ప ఆమె కాళ్ల దగ్గర పడింది.

"ఇగ నువ్వెవరో నాకెరుక లేదు," అంది ఆ గొంతు. మళ్లీ మొదటి రోజంత పొడిగా ఉంది. "జల్ది పో. నా ఎనుకోళ్లు ఆకలి మీదున్నరు."

ఆమె పరుగెత్తింది. పడింది, లేచింది, మళ్లీ పరుగెత్తింది. క్వార్టరు ముందు జనం గుమిగూడి ఉన్నారు. గట్టయ్యను వాకిట్లో నులకమంచం మీద పడుకోబెట్టారు. పైన ఖాళీ ఆకాశం తప్ప ఏమీ లేదు, అయినా అతని ఛాతీ బండరాయి పడ్డట్టు లోపలికి కుంగిపోయి ఉంది. మక్సూదా అతని తల పట్టుకుని ఏడుస్తోంది, పూలమ్మ "బాపూ, బాపూ" అని మొత్తుకుంటోంది. గట్టయ్య కళ్లు లింగవ్వ కోసం వెతికాయి. అయిందా అని అడిగాయి. ఆమె తల ఊపింది. జీపు దవాఖాన చేరేలోపే ప్రాణం పోయింది. డాక్టరు ఒకటికి పదిసార్లు, "ఏ బాయిలో? ఏ షిఫ్టులో?" అని అడిగాడు. అరుగు మీద కూచుని చాయ తాగుతుంటే అయిందని ఎవరు చెప్పినా నమ్మలేదు.

దినాల నాడు ఇంటి నిండా మనుషులు. లింగవ్వ గాజులు తీశారు. ఇక పుట్టింటి చీర కప్పాలి. ముసలమ్మలు ఒకరి చెవిలో ఒకరు గొణుక్కున్నారు. ఈమెకు పుట్టింటివాళ్లెవరు, చీర పెట్టేదెవరు? మక్సూదా లేచి నిలబడింది. "నేను పెడ్త. నేను నీకు చెల్లెను కానా అక్కా?" అని చీర తేవడానికి తన ఇంటికి నడిచింది.

అప్పుడే పూలమ్మ వెనక తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. రెండు చేతుల్లో ఒక మడత. తెల్లచీర. చల్లగా, తడితడిగా, బొగ్గు వాసన వేస్తోంది.

"ఇది బండ మీదున్నదే అవ్వా. ఎవరు పెట్టిండ్రు?"

లింగవ్వ చీర అందుకుంది. నెత్తురు వాసన వాళ్లకు మల్లెపూల వాసనంత ఎరుక అని కాక చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. పుంజు యాడిదని ఎందుకు అడిగాడో, చేతికేమైందని ఎందుకు అడిగాడో, ఆ మాట మళ్లీ ఎందుకు అనిపించుకున్నాడో తెలిసింది. తాను ఆయన్ని మోసం చేయలేదు. ఆయనే మోసపోయినట్టు ఊరుకున్నాడు. తెలిసే తాగి, కొడుకు కోసం దాచుకున్న కోడల్ని వదిలేసి, ఆ వరస తెగిపోయాక కూడా, చెల్లెలు తొలిరోజు చెప్పిన వాటిలో తాను ఇంకా చేయగలిగిన ఒక్క పని చేసి వెళ్లాడు.

గట్టయ్య కోసం ఆమె ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. అయినా ఆ చీరను మొహానికి అదుముకుని మళ్లీ మొదలుపెట్టింది. పక్కన ఉన్నవాళ్లు అదీ మొగుడి కోసమే అనుకున్నారు.

"మా అన్న పెట్టిండు," అంది ఎప్పటికో. "ఇదే కప్పుండ్రి."

పూలమ్మ బిత్తరపోయి చూసింది. "అన్ననా? నాకు మేనమామ ఉన్నడా అవ్వా?"

లింగవ్వ తడిచీరను భుజం మీదికి లాక్కుంది.

"ఉండె బిడ్డా," అంది.